రాతి గద: వస్తువు, దాని చిరునామా

గద అనగానే మనకు భీముడు, హనుమంతుడు గుర్తుకు వస్తారు. మధ్య అమెరికాలోని కోస్టా రికాలో, నికోయా ద్వీపకల్పంలో కూడా ఒకప్పుడు గదలుండేవి. క్రీస్తు శకం తొలి అయిదు శతాబ్దాలలో అక్కడి శిల్పులు ఇనుము ఎరుగకుండానే గట్టి రాతిని గుడ్లగూబగా, మనిషి తలగా, పుర్రెగా చెక్కారు. కర్ర దూర్చడానికి నడుమ గుండ్రని రంధ్రం తొలిచారు. కర్ర మట్టిలో కలిసిపోయింది. రాతి తల మిగిలింది. ఇవి పోరుకు కాక, పెద్దరికానికి చిహ్నంగా చేతపట్టినవని పరిశోధకుల అభిప్రాయం.

ఆ అభిప్రాయానికి బలం సమాధులు. 1903లో స్వీడన్ దేశస్థుడు కార్ల్ హార్ట్‌మన్ లాస్ వాకాస్ అనే చోట పాత శ్మశానాన్ని తవ్వించి, ఏ సమాధిలో ఏమేమి కలిసి దొరికాయో రాసిపెట్టాడు. గద తలలు, పచ్చరాతి పతకాలు, కాళ్లున్న సన్నికళ్లు అక్కడ బయటపడ్డాయి. ఎవరి పక్కన ఏది పెట్టారో తెలిస్తేనే ఆ సమాజంలో ఎవరి హోదా ఏమిటో ఊహించగలం.

ఇలాంటి గద తలలు నేటికీ సేకర్తల వేలాలకు వస్తుంటాయి. వాటి వెంట వచ్చే చీటీలో కాలం, కొలత, పాత యజమాని ప్రస్తావన ఉంటాయి. సమాధి సంగతి తరచుగా ఉండదు. భూమిలో దొరికే పురావస్తువులు ప్రభుత్వానివేనని కోస్టా రికా 1938లో చట్టం చేసింది. అంతకుముందే ఎన్నో దేశం దాటాయి. రైలుమార్గాలు, అరటితోటల యజమాని మైనర్ కీత్ సేకరించిన వాటిలో అనేకం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం చేరాయి. ఆ మ్యూజియం 2020లో 1,305 వస్తువులను కోస్టా రికాకు తిరిగి ఇచ్చింది. వస్తువు స్వదేశం చేరవచ్చు. తవ్విననాడు రాసుకోని వివరం మాత్రం తిరిగి రాదు.

కొనడమే దోషమనలేము. బళ్లారి ప్రాంతపు రాతి గొడ్డళ్లను వెలికి తెచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్ సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియం కొన్నది. ఏ రాయి ఏ ఊరిదో ఆయన నమోదు చేశాడు గనుక అది నేటికీ పరిశోధనకు పనికివస్తున్నది. సంగనకల్లు గుట్టల మీద నునుపు చేసిన రాయి మీ కంటబడితే తీయకండి. చోటు గుర్తుపెట్టుకొని పురావస్తు శాఖకు తెలియజేయండి. ఆ రాయి చరిత్రలో సగం అది పడి ఉన్న చోటే.