స్కాట్లండు కొండవాసుల కుచ్చిళ్ల కట్టు



బ్రిటను ద్వీపమున ఉత్తరభాగము స్కాట్లండు దేశము. అచ్చటి పురుషులు కొందరు షరాయికి మారుగా మోకాళ్లవరకు వ్రేలాడు కుచ్చిళ్ల ఉన్నివస్త్రమును ధరింతురు. దానికి కిల్టు అని పేరు. చరిత్రపుస్తకములోని బొమ్మను చూచి ‘పరికిణీ కట్టినాడండీ’ యని పిల్లలు నవ్వినపుడు, మన పంచకట్టును చూచి నవ్వు దేశములును కలవని చెప్పి నేను వారిని ఊరకుంచెడివాడను. ఈ గుడ్డ కట్టినందులకు మనుష్యులు చెరసాలకు పోయిన కాలమొకటి కలదు. ఆ సంగతియే నేడు మనవిచేయదలచితిని.

మనలో గోచికట్టు వేరు, అడ్డకట్టు వేరు అయినట్లే కిల్టులోను భేదములు కలవు. అన్నిటికంటె పాతది పెద్దకట్టు. 1594లో ఐర్లండు యుద్ధమునకు కూలికి పోయిన స్కాట్లండు ద్వీపవాసులు పైవస్త్రము మీదుగా నడికట్టు బిగించుకొనిరని ఒక ఐరిష్ చరిత్ర చెప్పుచున్నది. పెద్దకట్టునకు కుట్టుపని యొక్కటే. మగ్గము వెడల్పు చాలదు గనుక రెండు బట్టలను అంచు కలిపి కుట్టుదురు. పొడవు నాలుగైదు గజములు. దానిని నేలపై పరచి, మధ్యభాగమును కుచ్చిళ్లుపెట్టి, అడుగున తోలు నడికట్టునుంచి, దానిపై పండుకొని చుట్టుకొని లేచెడివారని చెప్పుదురు. నడుము క్రిందిది కట్టుబట్ట. పైకి మిగిలినది ఉత్తరీయము. వాన కురిసిన ముసుగు, రాత్రియైన కంబళి. పసులకాపరికి ఇంతకంటె ఏమి కావలెను?

పైభాగమును విడిచి క్రిందిసగము మాత్రమే కట్టుట చిన్నకట్టు. ఇది 18వ శతాబ్దపు పూర్వార్ధమున వ్యాపించెను. దీని పుట్టుకను గూర్చి వివాదము కలదు. లంకాషైరు వాడైన థామస్ రాలిన్సను అను ఇంగ్లీషువాడు గ్లెన్‌గారీ ప్రాంతమున ఇనుము కరగించు కొలిమి పెట్టి, పనివారికి బరువు అడ్డు రాకుండ వస్త్రమును రెండుగా కోయించెనని 1785లో అచ్చుపడిన ఒక లేఖ చెప్పుచున్నది. అంతకు పూర్వమే కొందరు అట్లు కట్టిరని మరికొందరందురు. ఎవ్వరు కోసినను పనిపాటుల సౌకర్యమే దీనికి కారణమని నాకు తోచుచున్నది.

ఇక శాసనము మాట. 1746 ఏప్రిలు 16వ తేదీన కలోడెన్ బయలున రెండున్నర గడియలలోపల ముగిసిన యుద్ధములో, రెండవ జార్జి రాజుపై తిరుగబడిన కొండవాసులు ఓడిపోయిరి. ఓడినవారి ఆయుధములతో తృప్తిపడక ప్రభుత్వము వారి వస్త్రమునుగూడ పట్టుకొనెను. 1747 ఆగస్టు 1 మొదలుకొని స్కాట్లండులో మగవాడుగాని బాలుడుగాని ఈ వేషము ధరించిన ఆరుమాసముల చెర; రెండవమారు పట్టుబడిన ఏడేండ్లు సముద్రముల కావలి తోటలకు ప్రవాసము. రాజుగారి సైన్యమున చేరినవారికి మాత్రము నిషేధము లేదు. స్వగృహమున నేరమైనది దండులో గౌరవమాయెను! సిపాయిలు దానిని విడువలేదు గనుక, కిల్టు కట్టువిధము వారి చేతులలో నిలిచినది.

ఈ శాసనము 1782లో రద్దయ్యెను. 1747లో పదేండ్ల బాలుడు అప్పటికి నలుబదియైదేండ్లవాడు. తానే కట్టి యెరుగనివాడు కొడుకున కేమి నేర్పగలడు? పేదలలో అనేకులు మరల ఆ కట్టు జోలికి పోలేదు. పైకెత్తినవారు ధనికులు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చినపుడు, సుప్రసిద్ధ నవలాకారుడు వాల్టర్ స్కాటు ఉత్సవమును నడపెను. రాజు స్వయముగా కిల్టు ధరించి, కాళ్లకు మేనివన్నె మేజోళ్లు తొడిగెను. ఆ సంవత్సరములలోనే సదర్లండు మొదలగు కొండసీమలలో, గొఱ్ఱెలమేతకై కౌలురైతులను పూర్వుల భూములనుండి వెళ్లగొట్టుచుండిరి. ఎడింబరోలో వేషమునకు పట్టాభిషేకము, కొండలలో వేషధారులకు ఉద్వాసన!

ఈ మధ్యకాలమున కుట్టుపనివారు కుచ్చిళ్లను కుట్టి స్థిరపరచిరి. మొదట వెడల్పైన పెట్టెమడతలు, పిమ్మట ఒకే వైపునకు తిరిగిన కత్తిమడతలు వచ్చినవి. సైనికుల కిల్టులో ఒకే చార ప్రతిమడత మీదను కనబడునట్లు కుట్టుదురు. ఇతరుల దానిలో మడతపెట్టినను గళ్లు చెదరక పూర్తిగా కనబడునట్లు కుట్టుదురు. నేటి మంచి కిల్టునకు ఎనిమిది గజముల ఉన్నిబట్ట పట్టును. జేబులుండవు గనుక ముందు తోలుసంచి వ్రేలాడదీయుదురు.

వంశమున కొక గళ్లవరుస అనాదినుండి కలదను మాట మాత్రము నమ్మదగినది కాదు. కలోడెన్ యుద్ధమును చూపు మోరియరు చిత్రపటమున ఒక్కొక్క యోధుని వంటిమీదనే పెక్కు విధముల గళ్లు కనబడుచున్నవి. 1815లో లండనులోని కొండవాసుల సంఘము మీ గళ్లెవ్వియో తెలుపుడని వంశనాయకులను కోరెను. తమవి యెవ్వియో తెలియని నాయకులును ఉండిరి. బానక్‌బర్నులోని విల్సను నేతసంస్థ 1819లో తన గళ్లవరుసల పుస్తకమును సిద్ధపరచెను. 2009 నుండి స్కాట్లండు ప్రభుత్వమే గళ్లకు దస్తరము నడుపుచున్నది. రుసుము చెల్లించి ఎవ్వరైనను తమ క్రొత్త వరుసను అందు వ్రాయించుకొనవచ్చును. పెండ్లికుమారులు కొందరు కిల్టును ఆ యొక్క దినమునకు అద్దెకు తెచ్చుకొని, మరునాడు తిరిగి అంగడికి చేర్చుదురు.