బజారులో రాణులు, డబ్బాలో కారం

1877 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోకి రైలు వచ్చింది. అప్పటిదాకా బళ్ల మీదా గుర్రాల మీదా రోజుల తరబడి ప్రయాణిస్తే తప్ప చేరలేని ఊరు అది. రైలుతో పాటు వ్యాపారులు దిగారు, పత్రికల వాళ్లు దిగారు, పొడి గాలికి జబ్బు నయమవుతుందని విని వచ్చిన క్షయరోగులు దిగారు, ఊరికే ఊరు చూద్దామని వచ్చినవాళ్లూ దిగారు. పగలు అలమో కోట చూశారు. చీకటి పడగానే మిలిటరీ ప్లాజాకి వెళ్లి, ఆరుబయట బల్లల ముందు కూర్చుని మిరపకాయల కూర తిన్నారు.

ఆ ప్లాజా పద్దెనిమిదో శతాబ్దంలో స్పెయిన్ సైనికులు కవాతు చేసిన మైదానం. 1880ల నాటికి పగలు కూరగాయల, గడ్డి మోపుల, కట్టెల సంతగా మారింది. పొద్దు గుంకాక సంత బళ్లు కదిలిపోయేవి, వంట బళ్లు వచ్చేవి. పొడుగాటి బల్లలు వేసి, వాటి మీద మైనపు గుడ్డలు పరిచి, రంగు గాజు చిమ్నీల లాంతర్లు పెట్టేవారు. పక్కనే మెస్కీట్ కట్టెల నిప్పు. మెస్కీట్ అంటే మరేం కాదు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఆ నిప్పు మీద పెద్ద పెద్ద కుండల్లో కూర వేడిగా ఉండేది.

కూర పేరు చిల్లీ కాన్ కార్నే, పొట్టిగా చిల్లీ. గొడ్డు మాంసాన్ని చిన్న ముక్కలుగా కోసి, కొవ్వులో వేయించి, ఎండుమిరప ముద్ద, జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో ఆకు వేసి గంటల తరబడి ఉడికిస్తారు. పక్కన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె. మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలేలు విడిగా దొరికేవి. పళ్లెం పది సెంట్లు. పశువుల కాపరి, సిపాయి, రైల్వే కూలీ, బగ్గీలో దిగిన దొరసాని, అందరూ ఆ ఒక్క బల్ల దగ్గరే పక్కపక్కన కూర్చునేవారు. గిటారు వాళ్లు బల్లల మధ్య తిరుగుతూ పాటకింత అని పుచ్చుకునేవారు.

వండి వడ్డించేవాళ్లు మెక్సికన్ ఆడవాళ్లు. పత్రికలు వాళ్లకు 'చిల్లీ క్వీన్స్' అని పేరు పెట్టాయి. మిరప రాణులన్నమాట. ఆ రాతల్లో వాళ్ల నల్లటి కళ్లు, జడలో పువ్వు, నవ్వు, గడుసు మాటలు కనిపిస్తాయి. పగలంతా ఇంట్లో మొక్కజొన్న రుబ్బిన చేతులు, మాంసం కోసిన చేతులు అరుదుగా కనిపిస్తాయి. నిజానికి ఇది ఇంటిల్లిపాదీ చేసే పని. తల్లి వండితే కూతురు వడ్డించేది. తెల్లవారేలోగా బల్లలు, కుండలు ఎత్తి, మైదానాన్ని కూరగాయల బళ్లకు అప్పగించాలి. ఊరి పేరు దేశమంతా మోగించిన ఈ ఆడవాళ్లలో చాలామంది పేర్లు కూడా ఎవరూ రాసి పెట్టలేదు. 1895లో నవలా రచయిత స్టీఫెన్ క్రేన్ వచ్చి ఈ బల్లల దగ్గరి తిండి నరకంలోంచి తెచ్చిన కొలిమి ఇటుకను దంచిన పొడిలా ఉందని వేళాకోళంగా రాశాడు. ఆయన కూడా వండినవాళ్ల పేరు రాయలేదు.

క్రేన్ వచ్చేసరికే రాణులకు మొదటి దెబ్బ తగిలింది. 1889లో నగరపాలక సంస్థ మిలిటరీ ప్లాజా నడిబొడ్డున సిటీ హాల్ కట్టడం మొదలుపెట్టింది. 1891కి భవనం లేచింది, బల్లలు లేచిపోయాయి. అక్కణ్ణుంచి అలమో ప్లాజాకి, అక్కడా కుదరక మరో కూడలికి, చివరికి ఊరి పడమట హేమార్కెట్ ప్లాజాకి. సుమారు అర్ధ శతాబ్దం పాటు ఆ వ్యాపారం ఇలా ఒక చోటినుంచి ఇంకో చోటికి తరిమివేతకు గురవుతూనే బతికింది.

ఊళ్లో నిలువ నీడ దొరకని వంటకానికి వెయ్యి మైళ్ల అవతల పీట వేశారు. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్లయిందని 1893లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. మే నుంచి అక్టోబరు దాకా, వేసవి మొత్తం. టికెట్లు రెండు కోట్ల డెబ్బై లక్షలకు పైగా తెగాయి. అందులో శాన్ ఆంటోనియో పేరుతో ఒక చిల్లీ స్టాలు ఉందని టెక్సస్ వంటల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 

కానీ స్టాలుకు ఒక పరిమితి ఉంది. కూర ఆ పూటకే, ఆ చోటికే. ఇంటికి పట్టుకెళ్లడానికి వీల్లేదు. ఈ చిక్కు విప్పినవాడు విల్లీ గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు. శాన్ ఆంటోనియోకి ఈశాన్యాన ఉన్న న్యూ బ్రాన్‌ఫెల్స్ జర్మన్లు కట్టుకున్న ఊరు. అక్కడ ఒక సారా అంగడిని ఆనుకుని 1892లో హోటలు పెట్టాడు. చిల్లీకి గిరాకీ బాగానే ఉంది. అయితే దానికి కావాల్సిన ఆంచో మిరప మెక్సికో నుంచి రావాలి, అదీ ఏడాది పొడవునా దొరకదు. దొరికినప్పుడే ఎక్కువ కొని, ఎండబెట్టి, మాంసం తురిమే మిషన్‌లో వేసి పొడి కొట్టాడు. 1896లో శాన్ ఆంటోనియోలో ఫ్యాక్టరీ తెరిచి, ఆ పొడిని ఈగిల్ బ్రాండ్ పేరుతో సీసాల్లో అమ్మాడు. ఫోర్ట్‌వర్త్‌లో డి.సి. పెండరీ అనే వ్యాపారి కూడా దాదాపు అదే కాలంలో మిరప మసాలా పొడి అమ్మాడు. ముందు ఎవరు చేశారన్న వాదన టెక్సస్‌లో ఇంకా తెగలేదు.

అమెరికా వెళ్లిన తెలుగువాళ్లలో చాలామందికి ఈ పొడితో పరిచయం అనుకోకుండానే అవుతుంది. సూపర్ మార్కెట్లో 'చిల్లీ పౌడర్' అని కనిపించిందని కొని పప్పులో వేస్తే, కారం తగలదు, జీలకర్ర వాసన, ఇంకేదో ఆకు వాసన వస్తాయి. అది మన గుంటూరు కారంలా ఒట్టి మిరప పొడి కాదు. గెబ్‌హార్ట్ కాలం నుంచి ఆ పేరుతో వస్తున్నది ఒక కూరకు సరిపడా కలిపిన మసాలా. ప్లాజాలో రాణులు రాత్రిళ్లు వండిన వంటకం రుచినే ఆ సీసాలోకి దించారు.

సీసా తర్వాత డబ్బా. కోర్సికానా అనే ఊళ్లో లైమన్ డేవిస్ 1895లో బండి వెనక నిలబడి గిన్నె అయిదు సెంట్లకు చిల్లీ అమ్మేవాడు. 1921లో దాన్నే డబ్బాల్లో నింపి, తన పెంపుడు తోడేలు బొమ్మ వేసి వుల్ఫ్ బ్రాండ్ అన్నాడు. 1947లో డేవిడ్ పేస్ శాన్ ఆంటోనియోలో మిరప, టమాటాల పచ్చడిని సీసాలకెత్తాడు. ఆ పేస్ కంపెనీని 1995లో క్యాంప్‌బెల్ సూప్ సంస్థ నూటపది కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొంది.

ఈ మధ్యలో రాణుల సంగతి? 1930ల తొలినాళ్లలో హేమార్కెట్ ప్లాజా రాత్రిళ్లు కళకళలాడుతూనే ఉంది. అక్కడ కూరగాయల లారీల వాళ్ల కోసం, చిల్లీ తినేవాళ్ల కోసం చిల్లర పుచ్చుకుని పాడిన కుటుంబంలోని అమ్మాయే లిడియా మెండోసా. ఆమె 1934లో రికార్డు చేసిన 'మాల్ ఓంబ్రే' స్పానిష్ మాట్లాడే టెక్సస్‌నంతా ఊపేసింది. 1999లో ఆమెకు అమెరికా ప్రభుత్వం జాతీయ కళల పతకం ఇచ్చింది. ఆమె పాటకు వేదికైంది చిల్లీ బల్లల నడుమ ఉన్న ఖాళీ జాగాయే.

1937లో ఆరోగ్య శాఖ బల్లల మీద పడింది. గిన్నెలు కడగడానికి సరైన నీళ్లు లేవు, ఈగలు ముసురుతున్నాయి, హోటళ్లకున్న నిబంధనలే వీటికీ వర్తించాలి అంది. ఈ ఆరోపణ పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఊరి పడమటి వైపు మెక్సికన్ వాడల్లో అప్పుడు క్షయ మరణాలు దేశంలోకెల్లా ఎక్కువ స్థాయిలో ఉండేవి. కానీ ఆ వాడలకు కుళాయిలు, మురుగు కాలువలు వేయని నగరమే, నీళ్లు లేవని బల్లలు తీసేయమంది. మరుసటి ఏడాదే పెకాన్ గింజలు ఒలిచే కూలీలు, ఎక్కువమంది మెక్సికన్ ఆడవాళ్లే, వేల సంఖ్యలో సమ్మెకు దిగారు. వాళ్లకు ఉచితంగా తిండి పెట్టిన వంటశాల మీదా ఆరోగ్య నిబంధనల ఉల్లంఘన అనే నేరమే మోపారు. 1939లో మేయరైన మౌరీ మావెరిక్ రాణులను కట్టుబాట్లతో వెనక్కి రానిచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అదీ ముగిసింది.

బల్లలు పోయాక చిల్లీ మగవాళ్ల పోటీ అయింది. 1967 అక్టోబరులో మెక్సికో సరిహద్దు దగ్గర టెర్లింగ్వా అనే పాడుబడ్డ గని ఊళ్లో ఇద్దరు రచయితలు, టెక్సస్ వాడైన విక్ ఫౌలర్, న్యూయార్క్ నుంచి వచ్చిన హెచ్. ఆలెన్ స్మిత్, చిల్లీ వండటంలో పందెం వేసుకున్నారు. చెరో ఓటు పడ్డాక మూడో న్యాయనిర్ణేత తన నాలుక పాడైందన్నాడు, పందెం సమంగా తేలింది. ఈ తమాషా ఏటేటా జరిగే పోటీగా స్థిరపడింది. ఫౌలర్ పేరుతో మసాలా ప్యాకెట్లు అమ్ముడుపోయాయి. ఆ పోటీకి ఊతమిచ్చిన కార్ రేసుల వీరుడు కారోల్ షెల్బీ పేరుతోనూ ప్యాకెట్లు వచ్చాయి. మొదట్లో ఆడవాళ్లను మాత్రం రానివ్వలేదు. దానికి జవాబుగా 1970లో లకెన్‌బాక్‌లో ఆడవాళ్ల పోటీ పెట్టారు. 1974లో ఆలెగాని జానీ స్కోఫీల్డ్ టెర్లింగ్వాలో గెలిచిన తొలి మహిళ అయింది. 1977లో టెక్సస్ శాసనసభ చిల్లీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది.

శాన్ ఆంటోనియోకి కూడా తన రాణులు గుర్తొచ్చారు. హేమార్కెట్ ప్లాజాకి దగ్గర్లోని మార్కెట్ స్క్వేర్‌లో, మే నెలాఖరున వేసవి సెలవుల మొదట్లో వచ్చే మెమోరియల్ డే వారాంతాన 'చిల్లీ రాణుల పునరాగమనం' పేరుతో ఉత్సవం మొదలుపెట్టారు. ఆరోగ్యం పేరుతో పంపేసినవాళ్లను వారసత్వం పేరుతో పిలిచారు. ఇప్పటి ఇలాంటి ఉత్సవాల్లో ప్రతి స్టాలుకూ ఆరోగ్య శాఖ తాత్కాలిక అనుమతి ఇస్తుంది. చేతులు కడిగే ఏర్పాటు, కూర ఎంత వేడిలో ఉండాలో కొలత, అన్నీ అందులో రాసి ఉంటాయి. 1937లో కావలసింది అంతకంటే పెద్దదేమీ కాదు. నాలుగు కుళాయిలూ ఒక అనుమతి పత్రమూ ఉంటే సరిపోయేదానికి, నగరం ఒక తరం ఆడవాళ్ల జీవనోపాధిని తుడిచేసింది.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌ల నుంచి సెలవులకు శాన్ ఆంటోనియో వెళ్లే తెలుగు కుటుంబాలు అలమో, రివర్ వాక్ చూసి తిరిగొస్తుంటాయి. అలమో నుంచి పడమటికి కొద్ది దూరం నడిస్తే సిటీ హాల్ ఉంటుంది. ఇంకాస్త ముందుకెళ్తే మార్కెట్ స్క్వేర్. ఈసారి అటు వెళ్లినవాళ్లు అక్కడిదాకా నడవండి, పిల్లలకు ఈ కథ చెప్పండి.