రాజుల చావులు - టెలివిజను చరిత్ర

చావు అందరికీ ఒకటేనని వేదాంతులు చెబుతారు. అది నిజమే కావచ్చు. కాని చావు కబురు ఏ కాలంలోనూ అందరికీ ఒకటి కాలేదు. పాలేరు చచ్చిపోతే ఆ కబురు ఊరి పొలిమేర దాటదు. రాజు చచ్చిపోతే గంటలో భూగోళం చుట్టి వస్తుంది. ఈ తేడాను టెలివిజను పుట్టించలేదు. తనకు ముందున్న దండోరా నుంచీ, పత్రికల నుంచీ, రేడియో నుంచీ వారసత్వంగా పుచ్చుకుంది. పుచ్చుకుని దానికొక కొత్త శక్తిని చేర్చింది. చూసేవాడికి తాను వార్త తెలుసుకుంటున్నాడో, కర్మకాండలో పాల్గొంటున్నాడో తెలియకుండా చెయ్యగల శక్తి అది.

నాలుగు నెలల ఎడంలో తెలుగు ప్రేక్షకులు రెండు రాజమరణాలు చూశారు. 2022 సెప్టెంబరు 8న బ్రిటన్ రాణి రెండవ ఎలిజబెత్ స్కాట్లండులోని బాల్మొరల్ కోటలో మరణించింది. 2023 జనవరి 14న ఏడవ నిజాం మనుమడు ముకరం జా ఇస్తాంబుల్‌లో మరణించాడు. ఒకటి పరదేశపు చావు, రెండవది మన నగరానికి విమానంలో మోసుకొచ్చిన చావు. పైకి చూస్తే ఈ రెంటికీ సంబంధం లేదు. కాని రెంటినీ కలిపే తాడు ఒకటి ఉంది. చానళ్ళు దాన్ని చేత్తో పట్టుకుని చూపించి కూడా తాడని గుర్తించలేదు. ఆ తాడు ఒక వజ్రాల హారం. దాని కథ తెలియాలంటే ముందు రాజమరణమూ ప్రచారసాధనాలూ ఎలా జతకట్టాయో చూడాలి.

1

ఈ విద్యలో బ్రిటన్ అందరికీ గురువు. 1936 జనవరి 20 రాత్రి అయిదవ జార్జి మరణశయ్య మీద ఉండగా, ఆస్థానవైద్యుడు లార్డ్ డాసన్ అతనికి మార్ఫియా, కొకెయిన్ ఎక్కించి ప్రాణం పోవటాన్ని తొందరపెట్టాడు. వార్త సాయంకాలపు పత్రికల పాలబడకుండా, మర్నాటి ఉదయం 'టైమ్స్' పత్రికలో గౌరవంగా వెలువడాలన్నది అతని ఉద్దేశాల్లో ఒకటి. డాసన్ రాసిపెట్టుకున్న కాగితాల వల్ల ఈ సంగతి 50 ఏళ్ళ తరవాత, 1986లో బయటపడింది. వార్త మరణాన్ని అనుసరిస్తుందని మనం అమాయకంగా అనుకుంటాం. ఇక్కడ మరణమే వార్తను అనుసరించింది.

1952 ఫిబ్రవరి 6న ఆరవ జార్జి మరణించినప్పుడు బి.బి.సి. వార్తలూ వాతావరణ సూచనలూ వంటివి తప్ప మిగతా కార్యక్రమాలన్నీ ఆపేసింది. అప్పటి సంతాపం మౌనం. 2021 ఏప్రిల్ 9న ఎలిజబెత్ భర్త ఫిలిప్ మరణించేనాటికి సంతాపం అంటే ఎడతెగని మాట అయింది. బి.బి.సి. రెండు ప్రధాన చానళ్ళలోనూ ఒకే కార్యక్రమం నడిపింది. మాకు వేరే ఏదైనా చూపించండని మొత్తుకుంటూ ఆ సంస్థకు దాదాపు 1,10,000 ఫిర్యాదులు చేరాయి. అక్కడి సామాన్య ప్రజలు రాజకుటుంబాన్ని ప్రాణప్రదంగా ప్రేమిస్తారని రాత్రింబవళ్ళు చెప్పిన తెరకు, ఆ ప్రజల్లోనే లక్షమందికి పైగా ఇక చాలునని జవాబు రాశారన్న మాట.

రాణి మరణానికి ఏర్పాట్లు ఏళ్ళ ముందే సిద్ధమయ్యాయని, వాటికి 'లండన్ వంతెన' అనే సంకేతనామం ఉందని 2017లోనే 'గార్డియన్' పత్రిక బయటపెట్టింది. ఏ రోజు ఏ ఊరేగింపు జరగాలో ప్రభుత్వం రాసిపెట్టుకుంటే, ఏ చిత్రం చూపాలో, ఏ రంగు బట్టలు వేసుకోవాలో చానళ్ళు రాసిపెట్టుకున్నాయి. సెప్టెంబరు 8న సాయంత్రం ఆరున్నరకు మరణవార్త ప్రకటించటానికి ముందే బి.బి.సి. వార్తాహరుడు నల్ల టై కట్టుకుని కూర్చున్నాడు. 19న జరిగిన అంత్యక్రియలను ప్రపంచ జనాభాలో సగంమంది చూడబోతున్నారని ముందుగానే ప్రచారం సాగింది. ఎవరు లెక్కించారని అడిగినవాడు లేడు. మరోవంక కొత్త రాజును ఎవరు ఎన్నుకున్నారని వీధిలో కేకవేసిన మనిషిని పోలీసులు పట్టుకుపోయారు.

2016 అక్టోబరు 13న థాయిలాండు రాజు భూమిబల్ మరణించినప్పుడు అక్కడి చానళ్ళన్నీ అధికారికంగా అందించిన ఒకే కార్యక్రమాన్ని ప్రసారం చేశాయి. తెర నలుపు తెలుపులకు మారింది. 30 రోజులు వినోద కార్యక్రమాలు తగ్గించమని ప్రభుత్వం కోరింది. రాజును నిందిస్తే ఏళ్ళ తరబడి జైలు వేసే దేశం అది. అక్కడ చట్టానికి భయపడి చేసే పనిని, బ్రిటన్‌లో చట్టం అవసరం లేకుండా అలవాటు చేయిస్తున్నది. ఈ రెంటిలో ఏది బలమైన సంకెలో పాఠకులే ఆలోచించాలి.

2

మన దేశంలో రాజమరణపు చరిత్ర వేరు. 1967 ఫిబ్రవరి 24న ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాదులో మరణించాడు. మర్నాడు రాష్ట్రప్రభుత్వం సంతాపదినం పాటించింది. కార్యాలయాలు మూశారు, జెండాలు దించారు. కింగ్ కోఠీ ఎదుట జూదీ మసీదులో ఖననం జరిగింది. అప్పటికి హైదరాబాదుకు టెలివిజను లేదు. 1977లో గాని ఇక్కడ దూరదర్శన్ కేంద్రం వెలవలేదు. అయినా ఆ అంత్యక్రియలకు కోటిమంది వచ్చారని నేడు అలవోకగా చెబుతూంటారు. 1971 జనాభా లెక్కల్లో నగరం మొత్తం జనం 20 లక్షలకు లోపే. జనం తండోపతండాలుగా వచ్చిన మాట నిజం. వచ్చినవాళ్ళను అయిదు రెట్లో పది రెట్లో చేసింది తరవాతి తరాల భక్తి. లండనులో ముందుగా జరిగిన పని ఇక్కడ వెనకగా జరిగింది, అంతే.

టెలివిజను లేకపోయినా ఆ నిజాం ప్రచారసాధనాల విలువ తెలియనివాడు కాడు. 1948 సెప్టెంబరు 17న లొంగుబాటును అతను ప్రకటించింది దక్కన్ రేడియోలో. వారం తిరక్కుండా 23న అదే రేడియోలో మాట్లాడుతూ, రజాకారుల ముఠా హిట్లరు పద్ధతుల్లో రాజ్యాన్ని చేజిక్కించుకుని తనను నిస్సహాయుణ్ణి చేసిందని చెప్పుకున్నాడు. నేరం ఒక ముఠాది, ప్రభువు నిర్దోషి అని. ఢిల్లీ పాలకులకు ఈ కథనం సరిపోయింది. అతను 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 దాకా రాజప్రముఖ్ హోదాలో ఉన్నాడు. పొలం కోసం పోరాడిన రైతుల మీద 1951 అక్టోబరులో పోరాటం విరమించేదాకా సైన్యం తుపాకులు ఎక్కుపెట్టే ఉంచింది. రాజు జ్ఞాపకాన్ని కడిగి ఆరవేసే పని అతని మరణానికి 18 ఏళ్ళ ముందే మొదలైంది.

3

ఇప్పుడు హారం సంగతికి వద్దాం. ఎలిజబెత్ మరణించగానే మన తెలుగు చానళ్ళకు ఒక చిక్కు వచ్చింది. పరాయి రాణి చావును మనవాళ్ళకు ఎలా దగ్గర చెయ్యాలి? దానికి రెండు వస్తువులు దొరికాయి. ఒకటి, 1947 నవంబరు 20న జరిగిన ఆమె పెళ్ళికి నిజాం కానుకగా ఇచ్చిన హారం. లండనులోని కార్టియే దుకాణంలో పెళ్ళికూతురు తనకు నచ్చింది ఎంచుకోవచ్చునని నిజాం కబురు పెట్టాడు. ఆమె ఒక కిరీటమూ, సుమారు 300 వజ్రాలు పొదిగిన ఈ హారమూ ఎంచుకుంది. రెండవది, బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి. 1983 నవంబరు 20న ఆమె తన 36వ పెళ్ళిరోజున ఆ చర్చిలో ప్రార్థన చేసింది. ఈ రెండూ చూపించి, రాణికి హైదరాబాదుతో విడదీయరాని అనుబంధం ఉందన్నారు.

అనుబంధం ఉన్న మాట నిజమే. కాని అది ఏ రకం అనుబంధం? ఆ పెళ్ళి జరిగేనాటికి కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగి 16 నెలలు దాటింది. పెళ్ళి జరిగిన తొమ్మిది రోజులకు, నవంబరు 29న, నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడిక మీద సంతకం పెట్టాడు. సంస్థానం నిప్పుల మీద ఉన్నది. ఆ నిప్పుల మధ్య నుంచి లండనుకు వజ్రాలు ప్రయాణం కట్టాయి. అధిరాజ్యం తరలిపోయిన మూడు నెలలకే సామంతుడు పెట్టిన కానుక అది. దాన్ని అభిమానం అనటం కంటే దౌత్యం అనటం న్యాయం.

మరి కానుకకు డబ్బెక్కడిది? పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణా పోరాట చరిత్రలో లెక్క ఇచ్చారు. సంస్థానం భూమిలో సుమారు 10 శాతం సర్ఫెఖాస్, అనగా నిజాం సొంత కమతం. దానిమీద ఏటా వచ్చే 2 కోట్ల రూపాయలు నిజాం కుటుంబానికీ పరివారానికీ ఖర్చయ్యేవి. అవి చాలక ఖజానా నుంచి మరో 70 లక్షలు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫెబల్దా జిల్లా సర్ఫెఖాస్ జిల్లా. మేడ్చల్ అందులో ఒక తాలూకా. ఫలానా వజ్రం ఫలానా ఊరి శిస్తు అని ఎవరూ విడదీసి చూపలేరు. కాని రూపాయలు నడిచి వచ్చిన బాట ఇదీ అని చూపటానికి అడ్డేమీ లేదు.

ఆ బాట కెమెరాలకు ఎంతో దూరం కూడా కాదు. బొల్లారం చర్చి ముందు నిలబెట్టిన కెమెరాను ఉత్తరానికి తిప్పి, హకీంపేట విమానాల స్థావరం దాటి కొద్ది మైళ్ళు పోతే దేవరయాంజాల్ వస్తుంది. ఆ పక్కనే శామీర్‌పేట, ఆవల మేడ్చల్. రాణి కూర్చున్న బల్లను చూపించిన తెరకు, రాణి మెడలో హారం వేయించిన తాలూకా అక్కడే ఉన్నా కనిపించలేదు.

దేవరయాంజాల్ పేరు టీవీలో ఎన్నడూ వినబడలేదని కాదు. 2021 మే నెలలో అది రోజుల తరబడి మారుమోగింది. అక్కడి సీతారామస్వామి ఆలయానివని చెబుతున్న సుమారు 1500 ఎకరాల భూములు అన్యాక్రాంతమైనాయని ప్రభుత్వం అధికారుల సంఘాన్ని వేసింది. విషయం హైకోర్టుకు ఎక్కింది. కాని ఆ భూములు అంతకు ముందు లేవా? వాటిమీద తగవులు అంతకు ముందు లేవా? ఒక మంత్రి పదవి పోయిన సందర్భం వచ్చేదాకా తెరకు అవి భూములుగా తోచలేదు. పెద్దవాడి పదవి పోయినప్పుడో, పెద్దవాడి ప్రాణం పోయినప్పుడో తప్ప పల్లె దాని కంటబడదు. కంటబడ్డప్పుడైనా, తరతరాలుగా అక్కడ నాగలి పట్టిందెవరు, పట్టా ఎవరి పేర ఎలా పడింది అనే ప్రశ్న పెద్దవాళ్ళ తగవులో కొట్టుకుపోతుంది.

ఆ సెప్టెంబరులోనే మరికొన్ని సంగతులు జరిగాయి. 10వ తేదీ చాకలి ఐలమ్మ వర్ధంతి. 11న రాణికోసం భారత ప్రభుత్వం దేశమంతటా సంతాపదినం పాటించి జెండాలు దించింది. అదే ఉదయం హైదరాబాదులో నటుడు కృష్ణంరాజు మరణించగా తెలుగు చానళ్ళు అటు తరలిపోయాయి. ఏ శవం ముందు ఎంతసేపు నిలవాలన్నది ప్రకటనల బేరం నిర్ణయిస్తుంది గనక వాటి దుఃఖం ఇంత సులువుగా మకాం మార్చింది. పాలకుర్తి పొలంలో దేశముఖును ఎదిరించిన ఐలమ్మకు ఆ బేరంలో ఏ ధర పలుకుతుందో చెప్పనక్కరలేదు.

4

2023 జనవరిలో ముకరం జా మరణించినప్పుడు చానళ్ళు అతన్ని ఎనిమిదో నిజాం అన్నాయి. 1967లో భారత ప్రభుత్వం అతనికి వారసత్వపు గుర్తింపూ, ఏటా 20 లక్షల రాజభరణమూ ఇచ్చింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఆ రెంటినీ రద్దు చేసింది. అతను ఒక్క రోజైనా ఏలలేదు. లేని రాజ్యానికి లేని రాజును తెర మళ్ళీ పట్టాభిషిక్తుణ్ణి చేసింది. ఖలీఫా మనుమడు, ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం, కరిగిపోయిన ఆస్తి - ఇవన్నీ ఒక విషాద నాయకుడి కథకు పనికొచ్చాయి. ఆస్తి ఎలా కరిగిందో చెప్పినంత ఓపికగా ఎలా పోగుపడిందో చెప్పలేదు.

రాష్ట్రప్రభుత్వం అధికార లాంఛనాలు ప్రకటించింది. 17న శవాన్ని చౌమహల్లా భవనానికి తెచ్చారు, 18న మక్కా మసీదులో ఖననం చేశారు. హిందూత్వ సంస్థలు లాంఛనాలను ఖండించాయి. తెర రెండు ముక్కలైంది. ఒక ముక్కలో గంగాజమునా సంస్కృతి, ఆసుపత్రులు, జలాశయాలు. రెండవ ముక్కలో మతోన్మాది, రజాకార్లు. నాలుగు నెలల కిందట, రాణి మరణానికీ అంత్యక్రియలకూ మధ్య వచ్చిన సెప్టెంబరు 17నాడు కూడా ఇదే జరిగింది. కేంద్రం విమోచన దినం అన్నది, రాష్ట్రం సమైక్యతా దినం అన్నది.

ఈ రెండు వాదాలూ బద్ధశత్రువుల్లా కనబడతాయి. కాని ఒక విషయంలో వీటికి పూర్తిగా ఏకాభిప్రాయం. నిజామును ప్రభువుగా పొగిడేవాడూ, ముస్లిముగా తిట్టేవాడూ అతన్ని భూస్వామిగా చూడటానికి ఒప్పుకోరు. చూస్తే మొదటివాడు ఆసుపత్రి కట్టిన డబ్బు ఎవరిదో చెప్పాలి. రెండవవాడు నిజాం రాజ్యానికి పల్లెల్లో మూలస్తంభాలైన దేశముఖులు ఏ మతంవారో చెప్పాలి. విసునూరు దొర రామచంద్రారెడ్డి రజాకారు టోపీ పెట్టుకుని పుట్టలేదు. బందగీ అనే ముస్లిము రైతు విసునూరు దొరతనాన్ని ఎదిరించి హతుడైన చరిత్ర ఆ గడ్డ మీదనే ఉంది. ఈ ఒక్క సంగతి చెబితే ఇద్దరి వాదమూ కూలుతుంది. అందుకే ఇద్దరూ చెప్పరు. ఇద్దరినీ చెరోపక్క కూర్చోబెట్టి పోట్లాడించటమే నిష్పక్షపాతమని నమ్మే చానలు కూడా చెప్పదు.

5

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. చౌమహల్లా ముందు పేదలు వరసకట్టలేదా? వాళ్ళ దుఃఖం అబద్ధమా? అబద్ధం కాదు. పాతబస్తీ పేదవాడికి 1948 తరవాతి కాలం ఉద్యోగం ఇవ్వలేదు, భద్రత ఇవ్వలేదు. అతను శవం ముందు తలవంచినప్పుడు తన పోయిన రోజులను తలుచుకున్నాడు. అతన్ని వెక్కిరించటం అభ్యుదయం కాదు. ఉస్మానియా ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టుకున్నవాడికి ఆ పేరు మీద కృతజ్ఞత ఉండటమూ సహజమే. కాని ఆ కృతజ్ఞతలో సగం, శిస్తు కట్టినవాడికి చెందాలి. ఆ సంగతి పేదవాడికి తెలియకుండా చెయ్యటంలోనే తెర పనితనమంతా ఉంది.

రాజమరణపు ప్రసారం రాజు ఆస్తికీ, ఆ ఆస్తి పుట్టిన చోటుకూ మధ్య లింకు తెంపుతుంది. ఆ లింకు తెగినప్పుడు హారం నగ అవుతుంది, కోట కళ అవుతుంది, రాజు తాతయ్య అవుతాడు. మన విద్యార్థులు చరిత్రను పాఠ్యపుస్తకాల కంటే ఈ తెరలమీదనే ఎక్కువ చదువుతున్న రోజులివి. గనక ఉపాధ్యాయులుగా, రచయితలుగా మనకు పని ఉంది. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో సర్ఫెఖాస్ కాలపు శిస్తులూ, వెట్టీ గురించి తండ్రుల వల్లా తాతల వల్లా విన్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాట రాసుకోవటానికి విద్యార్థులను పంపాలి. ఊళ్ళ పహాణీలు చదవటం నేర్పాలి. తరవాతి రాజమరణం వచ్చి, తెరమీద మరో నగ మెరిసేనాటికి, దాని ఖరీదు కట్టినవాళ్ళ ఊళ్ళ పేర్లు మన దగ్గర సిద్ధంగా ఉండాలి.