ఉద్దానం తీరంలో తుపాను సహాయక శిక్షణ: అభ్యాసకుల అభిప్రాయాల ఆధారంగా మూల్యాంకనం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
తుపాను సహాయక సిబ్బందికి, గ్రామ స్వచ్ఛంద సేవకులకు ఇచ్చే శిక్షణ ఎంతవరకు ఫలించిందో తెలుసుకోవడానికి అభ్యాసకుల అభిప్రాయ సేకరణ సులభమైన సాధనం. అయితే శిక్షణ ముగిసిన రోజున నమోదైన సంతృప్తి, విపత్తు నాటి సామర్థ్యం ఒకటి కావు. నౌపడ, టెక్కలి, పలాస పరిసరాల తుపాను అనుభవాన్ని, శిక్షణ మూల్యాంకన శాస్త్ర చరిత్రను జోడించి, అభిప్రాయాన్ని ఎప్పుడు, ఏ ప్రశ్నతో, ఏ భాషలో సేకరించాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉద్దానం, నౌపడ, తిత్లీ తుపాను, ఆపద మిత్ర, శిక్షణ మూల్యాంకనం, అభ్యాసకుల అభిప్రాయం.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ ఉప్పు మడులకు, గుణుపురం రైలుమార్గం చీలే కూడలిగానూ ప్రసిద్ధం. ఇక్కడికి ఈశాన్యంగా వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల మీదుగా సాగే కొబ్బరి, జీడి, పనస తోటల సీమ ఉద్దానం. ‘ఉద్యానం’ అనే మాటే ఈ పేరుకు మూలమని చెబుతారు. ఒకవైపు సముద్రం, మరోవైపు తోటలు ఉన్న ఈ నేలలో తుపాను వస్తే మొదట చేయందించేది పొరుగువాడే. బయటి దళాలు చేరేలోపు గడిచే గంటల్లో ప్రాణాలు నిలబెట్టవలసినవాడూ అతడే. కనుక అతనికి అందిన శిక్షణ నాణ్యతను ఎలా కొలవాలన్నది పరిశోధకులు పట్టించుకోవలసిన ప్రశ్న.

2. విపత్తుల నుంచి వ్యవస్థలకు:
1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించారు. తీరప్రాంతంలో హెచ్చరికలు, ఆశ్రయ భవనాల ఆవశ్యకతను ఆ విషాదం చాటింది. 1999 అక్టోబరు నాటి ఒడిశా మహా తుపాను తరువాత ఆ రాష్ట్రం 2001లో ప్రత్యేక సత్వర సహాయక దళాన్ని ఏర్పాటు చేసుకొన్నది. 2005 విపత్తు నిర్వహణ చట్టం జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు, జాతీయ విపత్తు ప్రతిస్పందన దళానికి చట్టబద్ధత కల్పించి, శిక్షణ బాధ్యతను జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు అప్పగించింది. 2016లో ప్రారంభమైన ‘ఆపద మిత్ర’ పథకం 25 రాష్ట్రాలలోని 30 వరదపీడిత జిల్లాలలో, జిల్లాకు 200 మంది చొప్పున 6,000 మంది స్వచ్ఛంద సేవకులను తయారుచేయాలని తలపెట్టింది. తరువాతి విస్తరణలో ఆ లక్ష్యం 350 జిల్లాలు, లక్ష మందికి పెరిగింది.

ఈ అంకెలు శిక్షణ విస్తృతిని చెబుతాయి, నైపుణ్యాన్ని చెప్పవు. ‘ఎంతమందికి శిక్షణ ఇచ్చాం?’ అన్న ప్రశ్నకు హాజరుపట్టిక సమాధానమిస్తుంది. ‘వారిప్పుడు ఏం చేయగలరు?’ అన్న ప్రశ్నకు మరో ఆధారం కావాలి.

3. తిత్లీ చూపిన అవసరం:
2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140–150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. విద్యుత్ స్తంభాలు కూలాయి. చెట్లు అడ్డంపడి దారులు మూసుకుపోయాయి. 2013లో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటిన ఫైలిన్ తుపానును అప్పటికే చవిచూసిన ప్రాంతమిది.

నష్టపు స్వరూపమే సహాయక పనిని నిర్ణయిస్తుంది. వరద ప్రధానమైన చోట పడవ, తాడు, ఈత ముఖ్యం. చెట్లు కూలిన ఉద్దానంలో రంపపు యంత్రాన్ని ప్రమాదం లేకుండా వాడటం, తెగిన తీగ దగ్గరకు వెళ్లకుండా ఆగటం, ఏ దారిని ముందు తెరవాలో తేల్చుకోవటం ముఖ్యం. ఈ ఎడాన్ని మొదట గుర్తించగలిగినవాడు పనిలో దిగిన అభ్యాసకుడే. పాఠ్యప్రణాళిక రూపకర్తకు కనబడనిది అతని చేతికి తగులుతుంది. అభిప్రాయ సేకరణకు ఉన్న అసలు విలువ ఇదే.

4. మూల్యాంకన భావన పరిణామం:
1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ శిక్షణ ఫలితాన్ని ప్రతిస్పందన, అభ్యసనం, ప్రవర్తన, ఫలితం అనే నాలుగు మెట్లుగా విభజించాడు. శిక్షణ చివర నింపించే అభిప్రాయపత్రం వీటిలో మొదటి మెట్టు మాత్రమే. ఆచరణలో చాలా సంస్థలు అక్కడే ఆగిపోయాయి.

1997లో అలిగర్, అతని సహపరిశోధకులు అనేక అధ్యయనాలను క్రోడీకరించి, ‘శిక్షణ నచ్చింది’ అన్న భావానికి, నేర్చినదానికి మధ్య సంబంధం స్వల్పమని చూపారు. ‘నా పనికి ఉపయోగపడుతుంది’ అన్న అంచనా మాత్రం పనిలో ఆ విద్య అమలు కావటంతో కొంత ఎక్కువగా పొసగింది. అంటే అభిప్రాయమంతా వ్యర్థం కాదు. అడిగిన ప్రశ్నను బట్టి దాని విలువ మారుతుంది.

1970ల చివర జార్జ్ హోవార్డ్ మరొక చిక్కును వివరించాడు. శిక్షణకు ముందు తన నైపుణ్యానికి మంచి మార్కులు వేసుకొన్న వ్యక్తి, నేర్చుకొన్నాక తనకు తెలియనిదెంతో గ్రహిస్తాడు. కొలబద్దే మారిపోవటంతో, నిజంగా మెరుగుపడినా మార్కులు పెరగవు. అందుకే ముగింపులోనే ‘అప్పుడు ఎంత, ఇప్పుడు ఎంత’ అని రెండూ కలిపి అడిగే పద్ధతి వచ్చింది. అదే దశాబ్దంలో అమెరికా సైన్యం రూపొందించిన చర్యానంతర సమీక్ష ఏం జరగాలి, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఇకపై ఏం చేయాలి అనే ప్రశ్నల చుట్టూ సామూహిక చర్చగా సాగుతుంది.

5. ఉద్దానానికి అన్వయం:
ఈ పరిణామాన్ని స్థానిక పరిస్థితికి అన్వయిస్తే నాలుగు అంశాలు తేలుతాయి.

మొదటిది కాలం. ప్రథమచికిత్స, గుండె మర్దన వంటి నైపుణ్యాలు సాధన లేకపోతే కొన్ని నెలల్లోనే సడలుతాయి. కాబట్టి ముగింపు రోజు పత్రంతో పాటు అక్టోబరు తుపానులకు ముందొకసారి, విపత్తు తరువాత మరొకసారి అడగాలి.

రెండవది ప్రశ్న. ‘శిక్షణ బాగుందా?’ అంటే ‘బాగుంది’ అనే జవాబే వస్తుంది. ‘ఏ పని చేయబోయి ఆగిపోయారు? ఏ పనిముట్టు చేతికి అందలేదు?’ అన్నప్పుడు లోపం బయటపడుతుంది.

మూడవది భాష. ఉప్పు మడుల కూలీ, మత్స్యకారుడు, జీడి కార్మికురాలు తమ అనుభవాన్ని కళింగాంధ్ర వాడుకలో చెబుతారు. కార్యాలయ తెలుగులోని ‘సంతృప్తికరం’, ‘అసంతృప్తికరం’ గడులలో ఆ అనుభవం ఇమడదు. మౌఖికంగా వారి మాటల్లోనే నమోదు చేయటం అవసరం. ఇక్కడ భాషాపరిశోధకులకూ చేయవలసిన పని ఉంది.

నాలుగవది అధికార సంబంధం. శిక్షకుడే ప్రశ్నించేవాడైతే మర్యాద నిజాన్ని కప్పుతుంది. పేరు లేకుండా, మూడో వ్యక్తి ద్వారా సేకరించటం మేలు.

అయినా అభిప్రాయానికి పరిమితులున్నాయి. ఆత్మవిశ్వాసం సామర్థ్యానికి రుజువు కాదు. జ్ఞాపకం కాలంతో మారుతుంది. అందువల్ల మాక్ డ్రిల్ పరిశీలన, నైపుణ్య పరీక్ష, ఘటనా నివేదికలతో అభిప్రాయాన్ని సరిపోల్చాలి. అభ్యాసకుల మాట, పరీక్ష ఫలితం భిన్నంగా ఉన్నచోట మరింత లోతైన పరిశీలన అవసరం.

6. ముగింపు:
దివిసీమ నుంచి తిత్లీ వరకు ప్రతి విపత్తూ వ్యవస్థలకు కొత్త పాఠం నేర్పింది. ఆ పాఠం ముందుగా తెలిసేది గట్టున నిలబడినవారికి కాదు, గాలివానలో పనిచేసినవారికి. వారి మాటను ధ్రువపత్రం ఇచ్చేముందు పూర్తిచేయించే లాంఛనంగా కాక, తదుపరి శిక్షణకు ముడిసరుకుగా స్వీకరించాలి. అభిప్రాయం విన్న తరువాత పాఠ్యప్రణాళికలో ఏం మారిందో వారికి తిరిగి చెప్పినప్పుడే మూల్యాంకనం పూర్తవుతుంది. లేకపోతే మరుసటి తుపాను నాడు అదే రంపం దొరకదు, అదే దారి మూసుకుపోతుంది.