ఆసుపత్రి గుమ్మము దాటిన సేవ: క్రైస్తవ వైద్య కమిషన్‌ను నడిపిన పెద్దలు

ఒక సంస్థ చరిత్ర వ్రాయునప్పుడు కట్టిన భవనములు, శంకుస్థాపన తేదీలు, దాతల పేర్లు మనకు ముందుగా జ్ఞాపకము వచ్చును. ఆ సంస్థను నడిపినవారు అంతకు ముందు ఏ పని చేసి వచ్చిరి, ఆ పనిలో వారు ఏమి చూచిరి అని విచారించుట తక్కువ. 1968లో ప్రపంచ క్రైస్తవ సంఘముల మండలి జెనీవాలో స్థాపించిన క్రైస్తవ వైద్య కమిషన్ చరిత్ర మాత్రము ఆ ప్రశ్న అడుగనిదే బోధపడదు.

మన తెలుగువారికి మిషన్ ఆసుపత్రి క్రొత్తది కాదు. 1883లో గుంటూరు చేరిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి పేర వెలసిన ఆసుపత్రి, జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రి, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి, మెదకు మిషన్ ఆసుపత్రి మన పెద్దలు ఎరిగినవే. ఎందరో తల్లులు, బిడ్డలు వాటివలన బ్రతికిరి. అయితే రెండవ ప్రపంచ యుద్ధము తరువాత ఆసియా, ఆఫ్రికా దేశములు స్వతంత్రములగుచుండగా ఇట్టి ఆసుపత్రులన్నిటికీ ఒక చిక్కు వచ్చినది. మందులు, యంత్రములు, జీతముల ఖర్చు పెరిగెను; విదేశములనుండి వచ్చు ధనము దానికి సరిపోదాయెను. ఖర్చు భరించుటకు రుసుము పెంచినచో బీదవాడు గుమ్మము ఎక్కలేడు. పెంచనియెడల ఆసుపత్రియే నిలువదు. ఈ స్థితిలో 1964లో జర్మనీలోని ట్యూబింగెన్ పట్టణమందు వైద్యులు, వేదాంతులు కూడి ఆలోచించిరి. స్వస్థపరచు సేవ వైద్యులకు మాత్రమే అప్పగింపబడినది కాదు, అది సంఘమంతటిదియు అని వారు తేల్చిరి. 1967లో అక్కడనే రెండవసారి కూడిరి. మరుసటి యేట కమిషన్ ఏర్పడినది.

దాని మొదటి డైరెక్టరు జేమ్స్ మెక్‌గిల్వ్రే గారి వృత్తి ఆసుపత్రి పరిపాలన. మన పొరుగుననే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఆయన పనిచేసిరి. పద్దు పుస్తకము చూచు కన్ను ఆయనది. పలు దేశములలో సంఘముల వైద్యసేవను పరిశీలింపగా, ధనములో మిక్కిలి భాగము ఆసుపత్రికి రాగలిగినవారి చికిత్సకే ఖర్చగుచున్నదనియు, మంచములపై ఉన్నవారిలో అనేకులు ముందే నివారింపదగిన జబ్బులతో వచ్చినవారనియు తెలిసినది.

కమిషన్ అధ్యక్షులైన డాక్టర్ జాన్ బ్రయంట్ గారు వైద్యవిద్యను బోధించినవారు. థాయిలాండులో పనిచేసి, బీద దేశముల ఆరోగ్య స్థితిపై 1969లో ఒక ప్రసిద్ధ గ్రంథము ప్రచురించిరి. గుమ్మములోనికి వచ్చిన రోగినే కాక, ఎన్నడును రానివారిని కూడ లెక్కలోనికి తేవలెనన్నది ఆయన వాదము.

సభ్యులలో డాక్టర్ కార్ల్ టేలర్ గారు మన దేశములోనే పుట్టినవారు. మిషనరీ వైద్యుల కుమారుడుగా 1916లో ముస్సోరీలో జన్మించి, ఉత్తర ప్రదేశ్‌లోని ఫతేగఢ్‌లో వైద్యసేవ చేసి, లుధియానా క్రైస్తవ వైద్య కళాశాలలో రోగనివారణ శాస్త్రము బోధించిరి. తరువాత అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో అంతర్జాతీయ ఆరోగ్య విభాగమును నెలకొల్పిరి. పంజాబులోని నారంగ్‌వాల్ గ్రామములలో ఏండ్ల తరబడి పరిశోధన నడిపిరి.

1975లో డైరెక్టరు పదవికి వచ్చిన నీటా బారో గారు డాక్టరు కారు, నర్సు. బార్బడోస్ ద్వీపమున పుట్టి, నర్సుగాను మంత్రసానిగాను శిక్షణ పొంది, జమైకాలో నర్సుల పెద్దగా పనిచేసిరి. డాక్టర్లదే పైచేయి అయిన లోకములో ఒక వైద్య కమిషన్‌కు నర్సు అధిపతి అగుట ఆ కాలమున చిన్న సంగతి కాదు. డాక్టరు రోగిని కొద్ది నిమిషములు చూచును. నర్సు రోగితోను, అతని యింటివారితోను దినమంతయు ఉండును. ఆ అనుభవము ఆమెతో కూడ జెనీవా చేరినది. తరువాత 1990 నుండి 1995లో కన్నుమూయువరకు ఆమె తన దేశమునకు గవర్నర్ జనరల్‌గా ఉండిరి.

వీరి ఆలోచనకు మాదిరి చూపినవారిలో ఇద్దరు మనవారే. వేలూరులో చదివిన డాక్టర్ రజనీకాంత్, డాక్టర్ మాబెల్ ఆరోళే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జాంఖేడ్ చేరిరి. కరవు ప్రాంతమది. అక్కడి జనులు మొదట అడిగినది మందు కాదు, నీరు, తిండి. అందుచేత బావులు, ఆహారముతో పని మొదలాయెను. చదువురాని స్త్రీలను, అందులో అంటరానివారని త్రోసివేయబడిన స్త్రీలను సహితము, గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిరి. కాన్పులు చూచుట, బిడ్డల బరువు తూచుట, విరేచనములైన బిడ్డకు ఉప్పు పంచదార నీరు త్రాగించుట వారు నేర్చిరి. 1979లో ఈ దంపతులకు మెగసెసే బహుమానము లభించెను.

కమిషన్ తన పత్రిక ‘కాంటాక్ట్’ ద్వారా ఇట్టి పనులను లోకమునకు తెలియజేసినది. 1974 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలతో కూడి మాటలాడినది. ఆ సంస్థ డైరెక్టర్ జనరల్ డాక్టర్ హాఫ్‌డాన్ మాలర్ గారు డెన్మార్కులో ఒక బాప్టిస్టు బోధకుని కుమారుడు. మన దేశములో క్షయవ్యాధి నివారణకు పనిచేసినవారు. 1975లో ఆ సంస్థ ప్రచురించిన గ్రంథములో జాంఖేడ్ వృత్తాంతము చోటు చేసికొన్నది. 1978 సెప్టెంబరులో ఆల్మా-ఆటా పట్టణమున 134 దేశముల ప్రతినిధులు కూడి, ప్రాథమిక ఆరోగ్య సేవయే మార్గమని ప్రకటించిరి.

2000 సంవత్సరమునకు అందరికీ ఆరోగ్యము అని వారు పెట్టుకొన్న గురి నెరవేరలేదు. ప్రభుత్వములు ధనము చాలినంత ఇయ్యలేదు. కొన్ని జబ్బులపైననే దృష్టి నిలుపుట చాలునని వాదించినవారును ఉండిరి. అయినను త్రోవ తప్పని ఎవరును చెప్పజాలరు.

ఈ నాయకులలో పరిపాలకుడు, ఉపాధ్యాయుడు, పరిశోధకుడు, నర్సు ఉన్నారు. ఎవరి వృత్తి వారికి ఒక్కొక్క కిటికీ తెరచినది. ఏ ఒక్కరును తన కిటికీయే లోకమంతయు అనుకొనలేదు. తమకన్న తక్కువ చదివిన పల్లెటూరి స్త్రీ చేతికి తమ విద్యను అందించుటకు వారు సిగ్గుపడలేదు. మన సంఘములలో నర్సులు, ఉపాధ్యాయులు, లెక్కలు వ్రాయువారు, పొలము దున్నువారు ఉన్నారు. ఆసుపత్రి లేని సంఘమునకు కూడ స్వస్థపరచు సేవలో పాలు కలదని వీరి చరిత్ర సాక్ష్యమిచ్చుచున్నది. శతవార్షికోత్సవ సమయమున మన కట్టడములను లెక్కించుకొనుట తగినదే. వాటి గుమ్మము వరకు రాలేకపోయినవారిని కూడ లెక్కించుకొందము గాక.