కూలి వేసిన గాడిలో లేబరు: తెనాలి, బాపట్ల, రేపల్లె వాడుక మీద ఒక పరిశీలన

తెనాలిలో ఇల్లు కట్టించే ఆసామి మేస్త్రీని అడిగే మొదటి మాట, "లేబరు ఎంతవుద్ది?" జవాబు రూపాయల్లో వస్తుంది. మర్నాడు అదే మేస్త్రీ ఫోన్ చేసి "ఇయ్యాల లేబరు రాలేదండీ" అంటాడు. ఇప్పుడు లేబరంటే మనుషులు. "లేబరు పని" అంటే ఒళ్లు హూనమయ్యే చాకిరీ. డబ్బు, మనిషి, పని మూడూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి. ఇంగ్లీషులో శ్రమ, శ్రామికవర్గం అన్న అర్థాలు ఈ మాటకు మామూలే. డబ్బన్న అర్థం బిల్లుల మీద కనిపించినా, నోటి మాటలో ఇంత ధారాళంగా చెల్లదు. ఈ ధారాళం తెలుగు ఇచ్చింది. ‘కూలి’ ఎప్పుడో వేసిన గాడిలోనే ‘లేబరు’ నడుస్తోందన్నది నా ప్రతిపాదన.

తమిళ, మలయాళ, కన్నడ, తెలుగు భాషలన్నిటా ‘కూలి’ అంటే చేసిన పనికి ముట్టే ప్రతిఫలం. మనిషిని చెప్పాలంటే మరో మాట తగిలించి కూలివాడు, కూలిమనిషి అనాలి. ‘కూలి ముట్టిందా’ అన్నచోట హ్రస్వం, ‘కూలీలు వచ్చారా’ అన్నచోట దీర్ఘం. దీర్ఘమున్న రూపం ఒంటరిగానే మనిషిని సూచిస్తుంది. ఈ దీర్ఘం హిందుస్తానీ, ఇంగ్లీషుల మీదుగా తిరిగొచ్చిందని నా ఊహ. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ‘కూలీ’ పుట్టుక గురించి గుజరాత్ వైపు కోలీ జాతి పేరునూ, దక్షిణాది ‘కూలి’నీ రెంటినీ చర్చకు పెట్టింది.

మాట ఎక్కడ పుట్టినా దాని మీద మురికి పడింది మాత్రం ఓడల ప్రయాణంలోనే. మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. నేటాల్ చెరకు తోటలకు ఒప్పందం మీద వెళ్లిన తొలి భారతీయులు అందులో ఉన్నారు. తర్వాత అక్కడ భారతీయుడు ఏ పని చేసినా ‘కూలీ’యే అయ్యాడు. గాంధీని ‘కూలీ బారిస్టరు’ అన్నారు. బర్మా వెళ్లిన తెలుగువాళ్లకు కోరంగి రేవు పేరు మీద ‘కోరంగీ’లన్న పిలుపు స్థిరపడింది. వాళ్లను పనికి కుదిర్చి తీసుకెళ్లినవాడు మేస్త్రీ. పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ మాట మన ఊళ్లలో గౌరవంగానే బతుకుతోంది. ‘కూలీ’కి ఆ అదృష్టం దక్కలేదు.

ఊళ్లో మాత్రం పేర్లను వేరుచేసింది పని కన్నా ప్రతిఫలం లెక్కగట్టే తీరే. రోజు లెక్కయితే కూలి. ఏడాదికో నెలకో అయితే జీతం. ఎకరానికి ఇంతని మాట్లాడుకుంటే గుత్త. ‘జీతం’ ‘జీవితా’నికి వికృతి, అంటే బతకడానికి ఇచ్చేది. డెల్టా రైతు ఇంట పాలేరు జీతానికి ‘కుదిరేవాడు’. కూలికి ‘పోతారు’, జీతానికి ‘కుదురుతారు’. క్రియ మారితే సంబంధమే మారుతుంది. పోయినవాడు సాయంత్రం తిరిగొస్తాడు, కుదిరినవాడికి రాత్రి గొడ్లచావిడి పని కూడా ఉంటుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వ్యవసాయానిదే. నామవాచకాలతో పాటు ఇలాంటి క్రియల కోసం కూడా ఇలా ఊరూరా వెతికితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

సంస్కృత పదాలకు ఇక్కడ మరో మెట్టు దొరికింది. ఉద్యోగపర్వంలో ‘ఉద్యోగం’ అంటే పూనిక, సన్నాహం. ఇప్పుడు నెల జీతం, కుర్చీ. ‘కార్మికుడు’ ఫ్యాక్టరీకీ యూనియన్ జెండాకూ దగ్గర మాట. నాట్లు వేసే మనిషి తన గురించి తాను కార్మికురాలినని చెప్పుకోవడం అరుదు. పెళ్లి సంబంధాల దగ్గర ‘ఎంప్లాయి’ అంటే చాలాసార్లు ప్రభుత్వోద్యోగి అనే అర్థం, మిగతావాళ్లంతా ‘ప్రైవేటు’. ఇక ‘ఎన్జీవో’ అంటే ఇక్కడ నాన్ గెజిటెడ్ ఉద్యోగి కూడా. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద తట్ట మోసినవాళ్లు కాగితం మీద ‘వేతనదారులు’, ఊళ్లో ‘కరువు పని’కి పోయేవాళ్లు.

బరువులు మోసే చోట మళ్లీ వేరే పేర్లు. దుగ్గిరాల పసుపు యార్డులో అయినా తెనాలి బజార్లో అయినా బస్తాలెత్తే జట్టు ‘ముఠా’. పత్రికలు దౌర్జన్యానికి అంటగట్టిన ఈ మాట, మార్కెట్లో బతుకుతెరువు పేరు. పడవ మీద పనిచేసేవాడు కలాసీ. రైల్వే వాళ్లు 2016 బడ్జెట్‌లో స్టేషన్ కూలీని ‘సహాయక్’ అంటామన్నారు. సామాను చేతబట్టుకుని తెనాలి జంక్షన్లో దిగినవాడు కేకేసేది మాత్రం "కూలీ!" అనే.

‘కూలీ’ చిన్నతనమనిపించి ‘లేబరు’ను తెచ్చుకున్నామనుకుంటే, అదీ అదే దారి పట్టింది. "లేబరోడిలా ఆ మాటలేంట్రా?" అని పిల్లల్ని కసురుకునే ఇళ్లున్నాయి. పైగా లేబరుకు మన వాడుకలో బహువచనం కూడా నిలవదు. పదిమంది కూలీలు అంటాం, పదిమంది లేబరు అంటాం. లెక్కలో మనుషులే, వ్యాకరణంలో మాత్రం ఇసుకలా, సిమెంటులా ఒక రాశి. "మెటీరియల్ మీది, లేబరు మాది" అన్న ఒప్పందంలో ఈ పోలిక సూటిగా కనిపిస్తుంది.

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది. అక్కడ చెప్పే వ్యవసాయ శాస్త్రం పనిని పనిదినాల్లో కొలుస్తుంది. రేపల్లె వైపు చేలల్లో రైతు కొలత వేరు. మినుము తీతకు ఎకరానికి ఎందరు పడతారని అడిగితే కూలీలనడు, లేబరనడు. "ఆరుగురు మనుషులు" అంటాడు. దొరక్కపోతే "మనుషుల్లేరు" అంటాడు. తక్కువ కూలి ఇచ్చేవాడి నోటా ఇదే మాట, గట్టు మీద నిలబడి అదిలించేవాడి నోటా ఇదే మాట. కాబట్టి దీన్ని మర్యాదగా లెక్కపెట్టలేం. ‘కూలిమనిషి’లో ముందున్న ‘కూలి’ రాలిపోగా మిగిలిన సగమిది.