సాధారణ మానవ కరోనావైరస్‌లు: గన్‌ఫౌండ్రీ, నాంపల్లి పరిసరాలు

కోవిడ్‌కు చాలా ముందునుంచే మనుషుల్లో తిరుగుతున్న కరోనావైరస్‌లు నాలుగు: 229ఈ, ఓసీ43, ఎన్‌ఎల్63, హెచ్‌కేయూ1. పెద్దవాళ్ల జలుబుల్లో 10 నుంచి 30 శాతం వీటివల్లేనని అంచనా. ఆరోగ్యవంతులకు వారంలో తగ్గిపోతుంది. పసిపిల్లల్లో, వృద్ధుల్లో, ఉబ్బసం ఉన్నవాళ్లలో మాత్రం ఛాతీలోకి దిగి బ్రాంకియోలైటిస్, న్యుమోనియా దాకా వెళ్లగలవు. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల బళ్లు, ఎగ్జిబిషన్ మైదానం, పిల్లల ఆస్పత్రి అన్నీ దగ్గరదగ్గరగా ఉన్నాయి. శ్వాసకోశ వ్యాధులు ఎలా పాకుతాయో, ఎవరిని పట్టి పీడిస్తాయో చూడటానికి ఇంతకన్నా అనువైన చోటు నగరంలో అరుదు.

ఈ వైరస్‌లను పట్టుకోవడం తేలికగా జరగలేదు. 1965లో ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ దగ్గర కామన్ కోల్డ్ యూనిట్‌లో డేవిడ్ టిరెల్, బైనో కలిసి ఓ బడిపిల్లవాడి ముక్కు స్రావంలోని బీ814 అనే వైరస్‌ను మానవ పిండపు శ్వాసనాళం ముక్కల మీద పెంచారు. మామూలు కణాల మీద అది పెరగలేదు. 1966లో షికాగో విశ్వవిద్యాలయంలో డొరతీ హామ్రే, జాన్ ప్రాక్‌నో వైద్య విద్యార్థుల నుంచి సేకరించిన 229ఈని వెల్లడించారు. మరుసటి ఏడాది అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మెకింటాష్ బృందం ఓసీ43ని గుర్తించింది. జూన్ అల్మేడా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వాటి చుట్టూ కిరీటంలా కనిపించిన ముళ్లను బట్టి 1968లో పేరు స్థిరపడింది. ఆ తర్వాత దాదాపు 35 ఏళ్లు పరిశోధన మందగించింది. జలుబే కదా అన్న ఆ చిన్నచూపు వైద్యానికి చేసిన నష్టం తక్కువేమీ కాదు. 2003లో మరో కరోనావైరస్ తెచ్చిన సార్స్ జబ్బు భయపెట్టాకే వెతుకులాట మళ్లీ ఊపందుకుని, 2004లో నెదర్లాండ్స్‌లో ఏడు నెలల శిశువు నుంచి ఎన్‌ఎల్63, 2005లో హాంకాంగ్‌లో న్యుమోనియాతో చేరిన వృద్ధుడి నుంచి హెచ్‌కేయూ1 బయటపడ్డాయి.

2003లోనే కెనడాలో ఓ వృద్ధాశ్రమంలో 142 మందిలో 95 మంది జబ్బుపడ్డారు, ఎనిమిదిమంది చనిపోయారు. మొదట సార్స్ అనుకున్నారు. తీరా చూస్తే ఓసీ43.

ఒకసారి వస్తే మళ్లీ రాదన్న భరోసా ఈ నాలుగు వైరస్‌లతో లేదు. రక్షణ ఏడాది గడిచేసరికే సన్నగిల్లుతుంది. అందుకే ప్రతి ఏటా జలుబు కొత్తగా మొదలవుతుంది. బెంచీకి నలుగురైదుగురు కూర్చునే తరగతి గదుల్లో ఒకరికి సర్ది పట్టిందంటే, వారం తిరిగేలోపు అది ఇంట్లోని నాయనమ్మ దాకా చేరుతుంది. గన్‌ఫౌండ్రీలో ఆల్ సెయింట్స్, రోజరీ కాన్వెంట్, చాపెల్ రోడ్డులో స్టాన్లీ, ఆబిడ్స్‌లో సెయింట్ జార్జెస్ వంటి పాత బళ్లున్న ఈ ప్రాంతానికి ఈ సంగతి తెలిసి ఉండటం అవసరం.

రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆస్పత్రి 1953 నుంచీ పిల్లలకు పెద్ద దిక్కు. ముక్కు కారడంతో మొదలైన జబ్బు ఛాతీకి దిగిందని తల్లులు గుర్తుపట్టే తీరు ఒకటుంది: బిడ్డ డొక్కలు ఎగరేస్తాడు, పాలు తాగబోయి మధ్యలో వదిలేస్తాడు, గుండె మీద చెవి పెడితే పిల్లికూతలు వినిపిస్తాయి. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవలసిన ఘడియ అదే. ఎన్‌ఎల్63 అయితే కొందరు పిల్లల్లో స్వరపేటిక వాచి, కుక్క మొరిగినట్టుండే దగ్గు తెప్పిస్తుంది. ఇలాంటి లక్షణాలు ఆర్‌ఎస్‌వీ, రైనోవైరస్, ఇన్‌ఫ్లుయెంజాలతోనూ వస్తాయి కాబట్టి చూడగానే ఏ వైరసో చెప్పలేం. పీసీఆర్ పరీక్షే తేలుస్తుంది.

ఉబ్బసం ఉన్నవాళ్లకు జలుబు వైరస్‌లు ఆయాసాన్ని రేపుతాయి. అందులో రైనోవైరస్‌దే పైచేయి అయినా కరోనావైరస్‌ల వాటా కూడా ఉంది. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసానికి చేప ప్రసాదం పంచుతుంది. పచ్చటి ముద్ద నోట్లో పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగిస్తారు, శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. ఇది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు, శాస్త్ర ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక ఏళ్లుగా చెబుతున్నదీ అదే. ఊపిరాడని బాధ ఎంత గట్టిదో ఆ వరసల్లో నిలబడ్డవాళ్లకు తెలుసు. వాళ్లను ఎగతాళి చేయడం తప్పు. ఇన్‌హేలర్ మానవద్దని చెప్పడం మాత్రం తప్పనిసరి.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడింది, ఆ రోగిని గాంధీ ఆస్పత్రిలో ఉంచారు. తర్వాత కింగ్ కోఠి ఆస్పత్రినీ కోవిడ్‌కు కేటాయించారు. కోవిడ్ వల్ల నాంపల్లి మైదానంలో చేప ప్రసాదం మూడేళ్లు ఆగి 2023 జూన్‌లో తిరిగి మొదలైంది. అదే మైదానంలో ఏటా జరిగే, 1938లో పుట్టిన నుమాయిష్ ప్రదర్శన 2021లో జరగలేదు. 2022లో జనవరి 1న తెరిచీ తెరవగానే మూతపడి, ఫిబ్రవరి చివర్లో మళ్లీ సాగింది.

ఆ నాలుగు పాత వైరస్‌లకు ఇప్పటికీ టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. యాంటీబయాటిక్‌లు వీటిమీద పనిచేయవు. అవసరాన్ని బట్టి ఆక్సిజన్, ద్రవాలు ఇవ్వడమే ఆస్పత్రిలో చేసే చికిత్స.